ఒక టర్మ్ అంతా ఒకే అడవి

రెడింగ్,
మార్చి నెల.

ప్రియమైన సుభద్రకు,

నీ ఉత్తరం అందింది. ఒక టర్మ్ అంతా ఒకే అంశం పట్టుకుని అన్ని సబ్జెక్టులూ ఎలా చెబుతారు, పిల్లలకు విసుగు పుట్టదా అని అడిగావు. ఫోనులో మొదలుపెడితే మన మాటలు ఇంటి సంగతుల్లోకి మళ్లిపోతాయి కనుక తీరికగా రాస్తున్నాను. నేను టీచింగ్ అసిస్టెంటుగా పనిచేసే తరగతిని ఇక్కడ ఇయర్ ఫోర్ అంటారు. అందరూ ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు. ఇంగ్లండులో ప్రైమరీ బడి పిల్లలకు దాదాపు అన్ని సబ్జెక్టులూ తరగతి టీచరే చెబుతారు కనుక, ఒక పాఠంలో మొదలైన ప్రశ్నను మరో పాఠంలోకి తీసుకువెళ్లడం వాళ్లకు సులువవుతుంది.

జనవరిలో బడి తెరిచినప్పటి నుంచి ఈస్టర్ సెలవుల దాకా మా అంశం వర్షారణ్యం, ముఖ్యంగా అమెజాన్. గోడల నిండా ఆకుపచ్చ కాగితపు తీగలు, పైకప్పు నుంచి వేలాడే చిలుకలు, చెప్పుల పెట్టెల్లో నాలుగు అంతస్తుల అడవి నమూనాలు మొదట్లోనే వెలిశాయి. వాటి గురించి ఎక్కువ రాయను. మన టీఎల్ఎం (బోధనోపకరణాల) మేళాలు చూసిన కళ్లకు అవేమీ కొత్త కాదు.

నాకు బాగా నచ్చింది లెక్కల పీరియడులో చేసిన పని. అమెజాన్ నడిబొడ్డున ఉన్న మనౌస్ నగరంలోనూ లండన్‌లోనూ నెలనెలా ఎంత వాన కురుస్తుందో వివరాలిచ్చి పిల్లల చేత గ్రాఫు గీయించారు. లండన్‌లో ఏడాదికి కురిసేది దాదాపు 600 మిల్లీమీటర్లే. మనౌస్‌లో అది 2,000 దాటుతుంది. ఎప్పుడు చూసినా ముసురే అనుకునే ఈ పిల్లలు తమ గీత అంత కిందనే ఉండిపోవడం నమ్మలేక, తప్పు వేశామేమోనని మళ్లీ సరిచూసుకున్నారు. టీచరును అడిగి మన గోదావరి జిల్లాల గీతను కూడా నేను బోర్డు మీద వేశాను. మన వైపు ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు, అంటే లండన్ కన్నా బాగా ఎక్కువే, కానీ అందులో సింహభాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురిసిపోతుంది. లండన్‌ను మించిన వాన పడుతున్నప్పుడు అక్కడ వర్షారణ్యం ఎందుకు లేదని ఒక పాప అడిగింది. మొత్తం ఎంత కురిసిందన్నదే కాదు, ఏడాది పొడవునా నేల ఆరకుండా ఉంటుందా, వేడి తగ్గకుండా ఉంటుందా అన్నవి కూడా చూడాలని పిల్లలు ఆ గీతలను పోల్చి చూసే తేల్చుకున్నారు. ఆ రోజు లెక్కలేవో భూగోళమేదో నాకు వేరుగా కనిపించలేదు.

అన్నీ అలాగే కుదిరాయనుకోకు. ఈ తరగతి పిల్లలకు జూన్‌లో పన్నెండో ఎక్కం దాకా కంప్యూటర్ మీద పరీక్ష ఉంటుంది. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్ల గడువు. దానికి అభ్యాసంగా ఏడు కొమ్మల మీద ఎనిమిదేసి కోతులుంటే మొత్తం ఎన్ని అంటూ వర్క్‌షీట్లు పంచారు. కోతి బొమ్మ వేసినంత మాత్రాన గుణకారం అడవి పాఠమైపోదు. ఆ సంగతి పిల్లలకే ముందు తెలిసింది. కోతులకు శ్రద్ధగా రంగులు వేసి, లెక్కలు మాత్రం మిగిల్చారు.

సైన్సులో బాష్పీభవనం, సాంద్రీకరణం ఈ తరగతి పాఠాలే. పెద్ద గాజుసీసాలో మట్టి పోసి, చిన్న మొక్కలు నాటి, కాస్త నీరు చల్లి మూత బిగించారు. మర్నాటికి లోపలి గోడల మీద బొట్లు కట్టాయి. అమెజాన్ చెట్లు వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల గుండా ఆవిరిగా వదిలితే, అదే మళ్లీ మేఘమై గాలితో పడమటికి సాగి కురుస్తుందని చెప్పడానికి అంతకన్నా మంచి సాధనం ఉండదు. ఒక జట్టు తమ చార్టు మీద ప్రపంచపు ప్రాణవాయువులో 20 శాతం అమెజానే ఇస్తుందని పెద్ద అక్షరాలతో రాసింది. మన పిల్లలూ ఇదే రాస్తారు, చాలామంది పెద్దలూ ఇదే నమ్ముతారు. ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్‌లో దాదాపు అంతా అక్కడి చెట్ల శ్వాసకూ, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకూ ఖర్చయిపోతుంది కదా. టీచరు ఆ చార్టును తీసివేయలేదు. "మరి రాత్రిపూట చెట్లు ఏం చేస్తాయి?" అన్న చీటీ ఒకటి దాని కింద అతికించి వదిలేశారు. చార్టును సరిదిద్దడానికి ఆ జట్టుకు వారం పట్టింది.

బొమ్మల పీరియడులో ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ రూసో 1891లో వేసిన తుపాను అడవిలోని పులి చిత్రాన్ని చూపించారు. ఆయన ఎన్నడూ ఫ్రాన్సు దాటలేదనీ, పారిస్‌లోని ఉద్యానవనాల్లో మొక్కలు చూసి అడవులు గీశాడనీ తెలిశాక పిల్లలకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షోద్యానానికి కూడా వెళ్లి వచ్చాం. 1848లో పూర్తయిన పామ్ హౌస్ అనే గాజు భవనంలో అడుగుపెట్టగానే పిల్లల కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. నాకు మాత్రం మన ఆగస్టు నెల ఉక్క గుర్తొచ్చి ప్రాణం లేచి వచ్చింది. హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు 1876లో బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజలు తెచ్చింది ఈ క్యూకే. ఇక్కడ మొలిచిన మొక్కలు సింహళానికి, ఆపై మలయాకు చేరి తోటలయ్యాక, రబ్బరు డబ్బుతో నాటకశాల కట్టుకున్న మనౌస్ వైభవం కూలిపోయింది. మా పాఠ్యప్రణాళికలో ఈ కథ లేదు. అడవిని ఎవరు నరుకుతున్నారని అడిగే పాఠంలో, అడవి సంపద ఎవరి చేతుల మీదుగా ఎటు పోయిందో కూడా ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఇంగ్లీషు పీరియడులో వాదన నేర్పడానికి పామాయిల్‌ను ఎంచుకున్నారు. ఆగ్నేయాసియా దీవులైన బోర్నియో, సుమత్రాల్లో అడవులు నరికి ఆయిల్‌పామ్ వేయడం వల్ల ఒరాంగుటాన్లకు నిలువ నీడ లేకుండా పోతోందన్నది పాఠం. పిల్లలు ఇంట్లో బిస్కట్, సబ్బు, చాక్లెట్ పొట్లాల మీద దాని పేరు వెతికి తెచ్చారు. కంపెనీలకు ఉత్తరాలు రాస్తూ ఆ నూనెను పూర్తిగా నిషేధించాలన్నారు. అప్పుడు నేను జంగారెడ్డిగూడెం సంగతి చెప్పాను. మా స్నేహితురాలి అన్నయ్య ఎకరానికి 57 చెట్ల చొప్పున వేసిన తోట ఉందనీ, దాని కోసం వర్షారణ్యమేదీ కొట్టలేదనీ, కానీ దానికి బోరు నీళ్లు విపరీతంగా కావాలనీ చెప్పాను. ఒక హెక్టారులో సోయా కన్నా ఆయిల్‌పామ్ ఎన్నో రెట్లు నూనె ఇస్తుంది కనుక, దీన్ని మానేసి అంత నూనే సోయాతో తీయాలంటే ఇంకెంత నేల కావాలో లెక్క వేయమని టీచరు అడిగారు. ఉత్తరాలన్నీ తిరగరాయవలసి వచ్చింది. రెండోసారి రాసినవాటిలో ఆవేశం తగ్గింది కానీ, ఏ తోట నుంచి కొంటున్నారని అడిగే ప్రశ్న చేరింది.

నీ దగ్గర ఇది చేయాలంటే పరిసరాల విజ్ఞానం పుస్తకం పక్కన పెట్టనక్కరలేదు. అమెజాన్ పుట్టిల్లయిన కోకో చెట్టు మీ ఊరి కొబ్బరి తోటల్లో అంతరపంటగా ఉంది. పెద్ద చెట్ల నీడలో పెరగడం, కాయలు నేరుగా మొద్దుకే కాయడం, ఇవన్నీ మీ పిల్లలు పొలం గట్టు మీద నిలబడి చూడగలరు. మా పిల్లలు బస్సెక్కి వెళ్లి గాజు కింద చూసి వచ్చారు. చిలుకల బొమ్మలు కత్తిరించడం చివరికి పెట్టుకో, వీలుంటే మానేసెయ్.

ఒక సాయం చేయాలి. కోకో కాయ పగలగొట్టినప్పుడు కనిపించే తెల్లని గుజ్జునూ, గింజలను పులియబెట్టి ఎండబెట్టే తీరునూ అన్నయ్య చేత వీడియో తీయించి వాట్సాప్‌లో పంపు. ఈస్టర్ సెలవులకు ముందు తల్లిదండ్రుల ఎదుట పిల్లల ప్రదర్శన ఉంది. అప్పటికి అందితే చాలు. రైతుకు కిలోకు ఎంత గిడుతోందో కూడా కనుక్కుని రాయి, మా వాళ్లు తప్పకుండా అడుగుతారు.

పెద్దవాళ్లకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ వసంత