వనపర్తి అమ్మకు, తమ్ముణ్ణి కాపాడిన అందరికీ

తమ్ముణ్ణి నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. కుడి చెవి పైఅంచు తీసేసి, మెడ దగ్గరి చర్మం తెచ్చి అతికారు. రిపోర్టు కూడా వచ్చింది. కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదట, మెడలో గడ్డలు కూడా లేవట. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి కానీ, ఇవాళే రాయకపోతే మనసు ఊరుకునేలా లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. తమ్ముడికి పుట్టుకతోనే అల్బినిజం. చర్మం, జుట్టు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. బొల్లి కాదు, అంటుకునేదీ కాదు. ఎండని అడ్డుకునే మెలనిన్ అనే రంగు పదార్థం వాడి ఒంట్లో దాదాపు లేదు. అలాంటి చర్మం మీద ఏళ్ళ తరబడి ఎండ పడితే క్యాన్సర్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. వాడు పని చేసేది ఖమ్మం దగ్గర మిర్చి కల్లాల్లో. కాయ ఎండాలంటే మంచి ఎండ కావాలి, ఆ కాయని తిరగేసే మనిషి కూడా ఆ ఎండలోనే ఉండాలి. చెవి అంచున చిన్న పొక్కు లేచింది. చెక్కు కట్టేది, రాలేది, దిండు మీద రక్తం మరక, మళ్ళీ చెక్కు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంట్లు మారుస్తూ పోయాడు. హైదరాబాద్‌లో బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే, స్క్వామస్ సెల్ కార్సినోమా అనే ఓ రకం చర్మ క్యాన్సర్ అని తేలింది.

ఇప్పుడు వనపర్తి అమ్మ గురించి. ఆమె పేరు రాయొద్దంది, రాయను. వనపర్తి దగ్గర పల్లెలో బట్టలు కుడుతుంది. వాళ్ళాయనకి నోటి క్యాన్సర్, గుట్కా వల్ల. ఆయన వార్డూ మాదీ పక్కపక్కనే. కిటికీ లోంచి ఎండ పడుతుంటే తమ్ముడు కర్చీఫ్ చెవి మీదికి లాక్కోవడం చూసి, టోపీ లేదా అని అడిగింది. వాడు క్రికెట్ టోపీ తీసి చూపించాడు. ఆమె దాన్ని వాడి తలకి పెట్టి, బాగున్న ఎడమ చెవిని వేలితో తాకి, "చెవులు బయటనే ఉండె గదా బిడ్డా. మెడ గూడ బయటనే. దీనితోని ఏం ఆగుతది?" అంది. ఇన్నేళ్ళలో మాకు ఈ మాట చెప్పిన మనిషి లేడు.

మర్నాడు పొద్దున ఓ టోపీ తెచ్చి నా చేతిలో పెట్టింది. మొగుడికి కాపలా ఉంటూనే రాత్రంతా వరండా లైటు కింద చేత్తో కుట్టింది. ముదురు నీలం కాటన్ గుడ్డ, రెండు వరసలు. ముందు వెడల్పాటి అంచు, అది వంగిపోకుండా లోపల వాళ్ళాయన పాత ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించి పెట్టింది. చెవుల్నీ మెడనీ కప్పుతూ వెనక్కి ఓ పల్లూ, గడ్డం కింద ముడేసుకోవడానికి నాడా. కుడి వైపు కట్టుకి ఒరుసుకోకుండా కొంచెం వదులు. "కట్టు ఇప్పినంక ఈడ దారం తెంపి బిగియ్యి" అని చెప్పి, వాళ్ళాయనకి పాలు పట్టే టైమైందని వెళ్ళిపోయింది. ఆపరేషన్ కాగితాల మీద సంతకం చేసినప్పుడు కూడా తట్టుకున్నాను. ఆ టోపీ పట్టుకుని మాత్రం మెట్ల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. డబ్బులిస్తే ముట్టలేదు.

చర్మం డాక్టర్ గారు ఆ టోపీని వెలుతురుకి పట్టి చూసి, గుడ్డ సరైనదే అన్నారు. పల్చటి తెల్ల గుడ్డ చల్లగా ఉంటుంది కానీ అతినీలలోహిత కిరణాలు అందులోంచి దూరతాయట. దగ్గర నేత, ముదురు రంగు బాగా ఆపుతాయట.

ఒక్కటి మాత్రం అడగాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, దానికి దణ్ణం పెడతాను. కానీ ఈ ఆపరేషన్ అవసరమే రాకుండా చేసే సన్‌స్క్రీన్ మన దేశంలో కాస్మెటిక్, అంటే సింగారం సామాను కింద లెక్క. ఎస్‌పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 కి తగ్గకుండా, రెండు గంటలకోసారి మొహానికి, చెవులకి, మెడకి, చేతులకి రాస్తే చిన్న ట్యూబు వారం కూడా రాదు. కూలికెళ్ళే మనిషి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో చూపు మాత్రమే కొలిచారు, 40 శాతం రాలేదని పింఛను లేదన్నారు. చర్మం సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఆసుపత్రి కౌంటర్లో వేలిముద్ర పడలేదు. పనితో అరిగిపోయిన వేళ్ళు. కన్ను స్కాన్ చేద్దామంటే వాడి కళ్ళు నిలవవు, అల్బినిజంలో అది మామూలే. "కదలకుండా చూడవయ్యా" అని అందరి ముందూ వాణ్ణి కసిరారు.

మీ ఇంట్లో, మీ బడిలో ఇలాంటి పిల్లలుంటే ఫుల్ చేతుల చొక్కా, గొడుగు, చెవులు కప్పే టోపీ ఇప్పించండి. పది నుంచి నాలుగు దాకా ఎండలోకి పంపకండి, మబ్బు పట్టినా సరే. నెలకోసారి ఒళ్ళంతా చూడండి. మానని పుండు ఏదైనా ఉంటే చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మామూలు రంగున్న మనకీ చెప్తున్నాను: మనకి ఎండ వల్ల చర్మ క్యాన్సర్ వచ్చేది తక్కువే, కానీ అరికాల్లో, గోరు కింద కొత్తగా వచ్చి పెరిగే నల్ల మచ్చని, పాత కాలిన మచ్చ మీద లేచిన పుండుని వదిలేయకండి.

అమ్మ, నాన్న, మా ఆయన ఉన్నారు కాబట్టే ఇదంతా జరిగింది, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సర్జన్ గారికి, రాత్రి డ్యూటీ నర్సులకి నమస్కారాలు. అయ్యో, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి! లంచ్ మానేసి మా ఫైలు పట్టుకుని తిరిగింది. రక్తం ఇస్తామని పరిగెత్తుకొచ్చిన తమ్ముడి స్నేహితులు, అవసరం పడలేదు కానీ వచ్చారు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి మీటరు మీద రూపాయి ఎక్కువ అడగని ఆటో అన్న. కల్లం యజమాని గారు కూడా, ఇక మీదట తమ్ముడికి షెడ్డులో తూకం పని ఇస్తానన్నారు.