మా ప్యాకెట్ మీద 'ఇమ్యూనిటీ' అని ఎందుకు వేయట్లేదంటే

వే ప్రోటీన్ (పాలు విరిగినప్పుడు వేరయ్యే నీటిలోని ప్రోటీన్) పౌడర్ అమ్మేవాళ్లలో చాలామంది 'ఇమ్యూనిటీ బూస్టర్' అని వేసుకుంటున్నారు, మీరెందుకు వేయరు అని ఈమధ్య మెసేజ్‌లు ఎక్కువయ్యాయి. చక్కెర అతుక్కున్న పాల ప్రోటీన్ రోగనిరోధక కణాలను చురుగ్గా చేస్తుందట కదా, ఆ రకం తెప్పించండి అని ఒకరు గట్టిగానే అడిగారు. మాకు ముడిసరుకు ఇచ్చేవాళ్లదీ ఇదే పాట. ఆ రకం తెప్పించడం లేదు, ఆ మాట ప్యాకెట్ మీద వేయడం లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

పాలలో ప్రోటీన్‌తో పాటు లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. వేడి తగిలినా, పొడి నెలల తరబడి వెచ్చటి చోట పడి ఉన్నా ఆ చక్కెర వెళ్లి ప్రోటీన్‌లోని లైసిన్‌ను (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటి) పట్టుకుంటుంది. దీన్ని గ్లైకేషన్ అంటారు. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్యకు ఇదే మొదటి దశ. చర్య ముదిరితే పొడి పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగులోకి వస్తుంది, కానీ మొదటి దశలో రంగేమీ మారదు, తెల్లగా కనిపిస్తూనే కొంత లైసిన్ శరీరానికి అందకుండా పోతుంది. మా పొడిలో గ్లైకేషన్ అస్సలు లేదని నేను చెప్పను, ఆరబెట్టేటప్పుడు వేడి తగలక తప్పదు కదా.

ఇక రోగనిరోధక కణాల సంగతి. మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు అనే రెండు రకాల రోగనిరోధక కణాల మీద ఇలా మారిన ప్రోటీన్లను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయి, వాటిలో ఒకదాని పేరు రేజ్. ల్యాబ్‌లో ఈ కణాల మీద గ్లైకేషన్ జరిగిన వే ప్రోటీన్ వేస్తే కొన్ని ప్రయోగాల్లో వాపును పెంచే సంకేతాలు ఎక్కువయ్యాయి, కొన్నింటిలో తగ్గాయి. ఏ చక్కెర వాడారు, పొడిగా వేడి చేశారా నీళ్లలోనా, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది. పైగా వేడికి ప్రోటీన్ ముద్దలు కడుతుంది, కాబట్టి కణం స్పందించింది చక్కెరకా ముద్దకా అని విడదీయడం కష్టం. ఇంకో తలనొప్పి ఎండోటాక్సిన్. బ్యాక్టీరియా పైపొరలోని ఈ పదార్థం పాల ప్రోటీన్‌లో ఏ కాస్త ఉన్నా మాక్రోఫేజ్‌లు రెచ్చిపోతాయి, మామూలు వేడికి అది పోదు కూడా. దాన్ని కొలవకుండా 'మా ప్రోటీన్ కణాలను చురుగ్గా చేసింది' అంటే నేనైతే నమ్మను.

సరే, నిజంగానే చురుగ్గా అయ్యాయనుకుందాం. అలర్జీ వచ్చినప్పుడు కూడా రోగనిరోధక కణాలు చురుగ్గానే ఉంటాయండీ! పైగా మనం తాగింది ముందు జీర్ణం కావాలి. లైసిన్ దగ్గర ప్రోటీన్‌ను కత్తిరించే ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌కు అక్కడ చక్కెర అడ్డుపడుతుంది, దాంతో పేగులోకి చేరే ముక్కలే వేరుగా ఉంటాయి. ల్యాబ్‌లో కణాల మీద నేరుగా పోసిన ప్రోటీన్‌కు ఈ దశే ఉండదు.

పాల అలర్జీ ఉన్నవాళ్లకు ఒక మాట. గ్లైకేషన్ వల్ల అలర్జీ యాంటీబాడీలు ప్రోటీన్‌ను గుర్తుపట్టడం కొన్ని పరీక్షల్లో తగ్గింది, నిజమే. అది చూసి మా పొడి గానీ ఇంకొకరిది గానీ ప్రయత్నించకండి, మీ డాక్టర్ చెప్తే తప్ప.

ఈ గొడవంతా చదివాక మా దగ్గర మారుతున్నది ఒక్కటే. లాక్టోజ్ రహిత రకంలో లాక్టోజ్‌ను ఎంజైమ్‌తో గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడగొడతారు, ఆ రెండూ లాక్టోజ్ కంటే త్వరగా ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. అందుకని ఆ రకం ఇకపై చిన్న ప్యాకెట్లలోనే వస్తుంది, గడువు కూడా తగ్గించాం, స్టాక్ తక్కువ తక్కువగా తెప్పిస్తాం కాబట్టి అప్పుడప్పుడూ 'అయిపోయింది' అని కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. తెరిచాక తేమ తగలకుండా మూత బిగించి, పొయ్యికి దూరంగా, చల్లటి చోట పెట్టుకోండి. పెద్ద డబ్బాకు ముందే ఆర్డర్ ఇచ్చినవాళ్లకు అంతే బరువు చిన్న ప్యాకెట్లలో పంపుతాం, మీరు మళ్లీ ఆర్డర్ పెట్టక్కర్లేదు.