నిప్పు పెట్టేది ఎవరో ముందు తేల్చండి

సంపాదకుడికి,

అయ్యా,

చెత్త కాల్చేవాళ్లకు జరిమానా తప్పదని అధికారులు హెచ్చరించినట్టు పోయిన వారం జిల్లా పేజీలో చదివాం. సంతోషం. అయితే ఆ హెచ్చరిక ఇళ్లవాళ్లకా, దుకాణదారులకా, పొద్దున్నే చీపురుతోపాటు అగ్గిపెట్టె కూడా తెచ్చుకునే సిబ్బందికా అన్నది మాత్రం వార్తలో లేదు. నల్లగొండలో తెల్లవారుజామున నడకకు పోయేవాళ్లను అడిగితే చెప్తారు.

జరిమానా కొత్తగా కనిపెట్టిందేం కాదు. వీధిలో చెత్త పారేయడం, కాల్చడం, పాతిపెట్టడం, మోరీలోకి నెట్టడం, ఇవన్నీ కూడదని 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చేయాలని అదే ఏడాది డిసెంబర్ 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ అంకెలతో సహా రాసిచ్చింది. డంపింగ్ యార్డులో కాల్చినా అదే వర్తిస్తుంది. మరి యార్డు తగలబడ్డప్పుడు ఆ 25,000 రసీదు ఎవరు ఎవరికి రాస్తారో చూడాలని ఉంది.

కాల్చడాన్ని బద్ధకం కింద జమకడితే విషయం అర్థం కాదు. అది లెక్క ప్రకారం జరిగే పని. ఊడ్చిన కుప్పలో ఉండేవి ఎండుటాకులు, పల్చటి కవర్లు, పేపర్ గ్లాసులు, గుట్కా పొట్లాలు. ట్రాలీ నిండా కనిపిస్తుంది గానీ తూకం వేస్తే ఏమీ ఉండదు. దాన్ని యార్డు దాకా మోస్తే డీజిలు ఖర్చు, గంట టైము దండగ. అదే అగ్గిపుల్ల గీస్తే పావుగంటలో తట్టెడు బూడిద. ఒక ట్రిప్పు మిగిలినట్టే. ట్రిప్పులు, తూకాలు సరిచూసేవాడు లేనంతకాలం ఈ పొదుపు ఆగదు. నాలుగు గల్లీలకు ఒక మనిషిని, ఒక తోపుడు బండిని ఇచ్చి ఏడింటికల్లా రోడ్డు అద్దంలా ఉండాలంటే కార్మికుడు మాత్రం ఏం చేస్తాడు? అతన్ని తిట్టి లాభం లేదు.

ఇంటి ముందుకు వచ్చే చెత్త ఆటో సంగతి చూడండి. నడిమధ్య రేకు ఉంటుంది, ఒక పక్క తడి, ఒక పక్క పొడి. తడి చెత్త బరువుంటుంది గానీ అణిగిపోతుంది. పొడి చెత్త తేలిక, చోటు ఎక్కువ పడుతుంది. రెండు అరలూ సమానంగా చేయించారు కాబట్టి సగం గల్లీలు తిరిగేసరికే పొడి అర నిండి పొర్లుతుంది. అప్పుడు డ్రైవరు దాన్ని తడి మీదికి తోస్తాడు. తోసి తోసి ఆ రేకే వంగిపోయింది, కొన్నింటికి ఊడదీశారు కూడా. ఇంట్లో ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట అని వేరు చేసి ఇచ్చిన ఇల్లాలు తన కళ్ల ముందే రెండూ ఒకచోట పడటం చూస్తే మర్నాటి నుంచి ఎందుకు వేరు చేస్తుంది? పంచిన రెండు బుట్టల్లో ఒకటి బియ్యానికీ, ఒకటి బట్టలు నానబెట్టడానికీ వాడుతున్నారని సభల్లో నవ్వే అధికారులు ఈ రేకును ఒకసారి చూసి రావాలి. పొడి అరను తడి అరకు రెట్టింపు పెట్టిస్తే సరిపోయే పని. వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

ఆటో వెనక వేలాడే గోనె సంచులను ఎప్పుడైనా గమనించారా? సీసాలు, అట్టపెట్టెలు, ఇనుము, పాల ప్యాకెట్లు వాటిలోకి పోతాయి, పాత సామాన్ల దుకాణంలో వాటికి ధర ఉంది. ధర లేనివి చిప్స్ కవర్లు, షాంపూ సాచెట్లు, టిఫిన్ పొట్లాలు, మురికి అంటిన క్యారీ బ్యాగులు. కుప్పల్లో కాలేది ఎక్కువగా ఈ కొనేవాడు లేని సరుకే. 120 మైక్రాన్ల లోపు మందమున్న క్యారీ బ్యాగు 2022 డిసెంబర్ 31 నుంచి కాగితం మీద లేదు, బజారులో మాత్రం కొత్తిమీర కట్టకూ దొరుకుతుంది.

ఇంతకీ ఈ సరుకును తీసుకోగలిగినవి మన దగ్గర్లోనే ఉన్నాయి. మిర్యాలగూడ దాటి దామరచర్ల, వాడపల్లి, ఇటు హుజూర్‌నగర్ దాటితే మఠంపల్లి, మేళ్లచెరువు. ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే. సిమెంటు బట్టీలో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది, అందులో ప్లాస్టిక్ బొగ్గుకు బదులు ఇంధనంగా పూర్తిగా కాలిపోతుంది. రోడ్డు పక్కన పొగలు కక్కుతూ రాజుకునే కుప్పకు ఆ వేడి ఎక్కడిది? పైపు ముక్కలు, వైరు తొడుగులు, రెక్సిన్ లాంటి పీవీసీ ఆ కొద్దిపాటి వేడిలో కాలితేనే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ల దగ్గర వచ్చే ఘాటు వాసనలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి ఉంటుంది. చలికాలంలో ఆ పొగ పైకి పోదు, కిటికీల ఎత్తులోనే నిలబడుతుంది.

కిలోకు 1,500 కిలోక్యాలరీలకు మించి వేడినిచ్చే చెత్తను పూడ్చకుండా ఇంధనంగా వాడాలనీ, చెత్త ఇంధనం తయారుచేసే ప్లాంటుకు వంద కిలోమీటర్ల లోపు పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాంతో నింపుకోవాలనీ 2016 నిబంధనలే చెప్పాయి. అయితే ఫ్యాక్టరీవాళ్లు ఊరి చెత్తను ఉన్నదున్నట్టు తీసుకోరు. తడి ఉంటే బట్టీ వేడి పడిపోతుంది, మట్టి ఉంటే బూడిద పెరుగుతుంది, పీవీసీ ఉంటే క్లోరిన్ వల్ల బట్టీ లోపల పొర పేరుకుపోయి దారి మూసుకుంటుంది. కాబట్టి ఎండబెట్టాలి, మట్టి దులపాలి, పీవీసీ ఏరాలి, ముక్కలు చేసి బేళ్లు కట్టాలి. వీటిలో ఒక్కటి కూడా సాంబారు కలిసిన చెత్తతో సాధ్యం కాదు. అన్నీ ఆ వంగిన రేకు దగ్గరికే వస్తాయి.

తడి చెత్తదీ అదే కథ. బత్తాయి తోటలున్న జిల్లాకు ఎరువు చేదా? కాకపోతే గాజు పెంకులు, బ్లేడు ముక్కలు కలిసిన ఎరువును రైతు తోటలోకి రానివ్వడు. 4 మిల్లీమీటర్ల జల్లెడ దిగేదాన్నే కంపోస్టు అంటారు. ముందే వేరుగా వస్తే జల్లెడ పట్టడం తేలిక, కలిసి వస్తే ఎన్ని జల్లెడలైనా చాలవు.

ఆకుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. హరితహారంలో నాటిన చెట్ల ఆకుల్ని ఆ చెట్ల మొదట్లోనే పోగేసి అంటిస్తున్నారు. నేలకు అడుగు ఎత్తున బెరడు నల్లబడి పగిలిన చెట్లు డివైడర్ల పొడవునా కనిపిస్తాయి. చుట్టూ బెరడు కాలితే చెట్టు బతకదు. మళ్లీ వానాకాలంలో అక్కడే మొక్క, ఫొటో. దానికి బదులు పార్కు మూలన నాలుగు కర్రలు పాతి, ఇనుప జాలి చుట్టి, జానెడు మందం ఆకులు, పైన పలచగా పేడనీళ్లు, మళ్లీ ఆకులు వేసుకుంటూ పోవాలి. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే నీళ్లెక్కువైనట్టు, కుళ్లు వాసన వస్తుంది. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలలకు నల్లటి ఎరువు. జాలి, కర్రలు, పేడ తప్ప ఖర్చు లేదు. బహుశా టెండరు పిలిచేంత ఖర్చు లేకపోవడమే దాని లోపం.

పథకాలకు కొదవ లేదు. 2020లో పట్టణ ప్రగతి, 2024 ఆగస్టులో అయిదు రోజులు స్వచ్ఛదనం-పచ్చదనం. స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం మార్కులు వేయడానికి వస్తుందంటే గోడలకు రంగులు పడతాయి, కుప్ప మీద బ్లీచింగ్ పౌడర్ పడుతుంది. కుండీలు ఎత్తేసి కుండీల్లేని పట్టణం అన్నారు. కుండీ పోయింది, జనానికి అలవాటైన చోటు పోలేదు. ఆ చోటును కడిగి ముగ్గేస్తే రెండు రోజులు ఆగుతారు. పొద్దున అయిదు నుంచి ఎనిమిది, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు ఒక మనిషిని నిలబెట్టి నెల రోజులు కాపలా కాస్తేనే అలవాటు మారుతుంది. రాత్రిపూట బైపాస్ పక్కన కోళ్ల ఈకలు, ఫంక్షన్ హాళ్ల విస్తళ్లు దింపే ఆటోలకు నంబరు ప్లేట్లు ఉంటాయి, చౌరస్తాల్లో కెమెరాలూ ఉంటాయి. హెల్మెట్ లేనివాడికి చలానా పంపే కెమెరా వీటిని ఎందుకు చూడదు?

ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా ఇది. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు కలిసి కాలిన బూడిదలోని సీసం, పాదరసం వానకు మోరీల్లోకి, చెరువుల్లోకి దిగుతాయి. కింది నీళ్లు చెడితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

యార్డు సంగతికి వస్తే, అక్కడ ఎవరూ అంటించకపోయినా మంట లేస్తుంది. గాలాడని తడి చెత్తలో మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది, లోపల వేడెక్కుతుంది. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. అప్పుడు ట్యాంకరుతో పైపైన నీళ్లు చల్లి ఆరిందంటారు. తడిసేది పై పొర, లోపల రగులుతూనే ఉంటుంది, చల్లిన నీళ్లు మురుగై కిందికి దిగుతాయి. పొక్లెయిన్‌తో కుప్ప విప్పి, పలచగా పరిచి, తడిపి, జానెడు మట్టి కప్పితేనే ఆరుతుంది. ఆ మట్టిని చెత్త గుట్టకు దగ్గర్లో ఇప్పుడే పోయించాలి, బండి తిరిగేంత దారి కుప్పల మధ్య ఇప్పుడే వదిలించాలి. మార్చి వచ్చాక మొదలుపెడితే చేతిలో ఉండేది ఫైరింజన్ నంబరు ఒక్కటే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లగొండ