కొత్త పికప్‌లో తొంభై కాదు, డెబ్బై మొక్కలే

కడియం మా నర్సరీ నుంచి ఏళ్లుగా మొక్కలు తెప్పించుకుంటున్న వారందరికీ నమస్కారం.

కొత్త పికప్ వస్తోందని, ట్రిప్పుకు తొంభై పెద్ద కవరు మొక్కలు పంపుతామని మీకు చెప్పాం. ఇప్పుడు డెబ్బై దాటి వెయ్యలేం. ఎందుకో మీకు తెలియాలి.

బండి, సరుకు, మనుషులు, డీజిలు అన్నీ కలిపి ఎంత బరువు ఉండొచ్చో ఆర్‌సీలో ఉంటుంది. దాన్నే జీవీడబ్ల్యూ అంటారు. మా బండికి అది 3,490 కిలోలు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే లోడు. వెనక సరుకు వేసే కంపెనీ టబ్బుతో అయితే 1,700 కిలోలు మిగిలేది. మేం వెనక టబ్బు లేని ఉట్టి చాసీ తీసుకుని, మొక్కలకు రెండు అరల బాడీ కట్టించాం. అంతే బరువులో చేసిస్తానని బాడీ కట్టినాయన మాటిచ్చాడు. 2 మిల్లీమీటర్ల రేకు అడిగితే 4 వేశాడు. ఇనప రేకు చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి దాదాపు 8 కిలోలు తూగుతుంది. కాటా వేయిస్తే ఖాళీ బండే 2,150 వచ్చింది. అడిగితే "బలంగా ఉంటుందని వేశానండీ" అన్నాడు. డబ్బు పూర్తిగా తీసుకుని ఆ మాట అనడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఇక మిగిలింది 1,340. డ్రైవరు, హెల్పరు పోను 1,210. నీళ్లు పెట్టిన పెద్ద కవరు ఒక్కోటి 17 కిలోలు. లెక్క మీరే వేసుకోండి.

నాకు నిద్ర లేకుండా చేసింది ఒకటే. నీళ్లు పెట్టకుండా ఎక్కిస్తే కవరుకు మూడు కిలోలు తగ్గి, ఎనభై పైనే పడతాయి. మా అబ్బాయి అదే చేద్దామన్నాడు, పక్క నర్సరీల వాళ్లూ అదే అన్నారు. చాలా ఆలోచించి వద్దన్నాను. ఎండిన మట్టి గడ్డ దారిలో కుదుపులకు పగిలి వేర్లు తెగుతాయి. హైవే గాలికి ఆకు వాడిపోతుంది. మీ వాకిట్లో దింపినప్పుడు పచ్చగానే కనిపించొచ్చు, పది రోజులకు తెలుస్తుంది. కడియం మొక్క చచ్చిందంటే మా చెయ్యి బాగాలేదన్నట్టే. ఆ మాట నేను పడను.

బండి బరువు మోసే కమాన్ కట్టలో (స్ప్రింగు పట్టీల కట్ట) ఇంకో పట్టీ వేయించమని చెప్పినవాళ్లూ ఉన్నారు. పట్టీ వేస్తే బండి కుంగదు, అంతే. బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే, ఆర్‌సీలో అంకె కూడా పాతదే. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు. ఎండలో రోడ్డు పక్కన దించిన మొక్కల గతి మీకు చెప్పక్కర్లేదు.

వేరే చోట ఇదే సైజు బండిలో వంద వేస్తున్నారని ఫోన్లు చేస్తున్నారు. వెయ్యనివ్వండి. మేం వెయ్యం.

తొంభై లెక్కన ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి మిగతా ఇరవై మొక్కలు రెండో ట్రిప్పులో వస్తాయి, ఆ కిరాయి మాదే. కొత్త ఆర్డర్లకు డెబ్బై లెక్కనే కిరాయి చెబుతాం. చిన్న కవర్లయితే బరువు చూసి ఎన్ని పడతాయో ముందే ఫోనులో చెబుతాం.

సీజను అయ్యాక పై అర విప్పించి అల్యూమినియంతో చేయిస్తాం, వేరే చోట. మళ్లీ కాటా వేయించి, ఆర్‌సీలో ఖాళీ బండి కొత్త బరువు ఎక్కాకే సంఖ్య పెంచుతాం.