స్త్రీల సమాజం వార్షిక నివేదిక, 2023–24: తుఫాను ఏడాదిలో దేవుడు మనల్ని చూసుకున్న తీరు

అక్కలకు, చెల్లెళ్ళకు, సంఘ పెద్దలకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికను పావుగంటలో చదివేసి లెక్కల దగ్గరికి వెళ్ళిపోతాం. ఈసారి కాస్త ఎక్కువసేపు కూర్చోమని అడుగుతున్నాను. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మనం చేసిన పనుల కన్నా పడ్డ కష్టాలే ఎక్కువ. ఆ కష్టాల్లో దేవుడు మనల్ని ఎలా చూసుకున్నాడో మరచిపోకముందే రాసిపెట్టాలని నా ఆరాటం.

మామూలు కార్యక్రమాలు ముందు చెప్పేస్తాను. సభ్యులు 41 మంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన రెండు వారాలు తప్ప ఏడాదంతా జరిగింది. బుధవారం గృహకూడికలు వంతుల ప్రకారం నడిచాయి. మే నెలలో పిల్లలకు వి.బి.ఎస్., అంటే వేసవి సెలవుల బైబిలు బడి పెట్టాం, ఎండ మండిపోతున్నా పిల్లలు మానకుండా వచ్చారు. కోత పండుగకు కానుకలు తక్కువ వచ్చాయి. ఎందుకో అందరికీ తెలుసు.

పిడికెడు బియ్యం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. వంటకు బియ్యం కొలుచుకున్నాక అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయడం మన అమ్మమ్మల నాటి నుంచి ఉన్న అలవాటు. ఈ ఏడాది 38 ఇళ్ళ నుంచి 460 కిలోలు వచ్చాయి. కష్టంలో ఉన్న ఇళ్ళకు ఇచ్చే ఆ బియ్యం ఎవరింటికి వెళ్ళిందో చదివే పద్ధతి మనకు లేదు. అయినా ఒక ఇంటి సంగతి చెబుతాను, అది మా ఇల్లే కాబట్టి.

ఆగస్టులో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి వచ్చేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ఒక సాయంత్రం ఇద్దరు చెల్లెళ్ళు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆరేళ్ళుగా ఆ బియ్యానికి లెక్క రాసేది నేనే. ఏ ఇంటికి ఎన్ని కిలోలో నా చేత్తోనే రాశాను. ఆ సంచి నా గుమ్మానికి వచ్చేసరికి చెయ్యి చాచలేకపోయాను. సిగ్గేసింది. ఇచ్చేటప్పుడు దేవుణ్ణి నమ్మడం నాకు సులువుగానే ఉండేది. తీసుకునేటప్పుడు నమ్మడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. సారెపతులోని విధవరాలు తన తొట్టిలో మిగిలిన పట్టెడు పిండిని ఏలీయాకు పెట్టిందని ఎన్నోసార్లు విన్నాం. ఆ ముద్ద అందుకోవడానికి ఏలీయా ఎంత తగ్గించుకుని ఉంటాడో నేనెప్పుడూ ఆలోచించలేదు. మా ఆయన చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మీ ప్రార్థనలు ఆపకండి.

ఇక తుఫాను. డిసెంబరు 5, మంగళవారం మధ్యాహ్నం మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి కన్నా వాన మనల్ని ఎక్కువ దెబ్బ తీసింది. కోసి పనల మీద ఉన్న వరి తడిసి మొలకలొచ్చింది. పొగాకు చేలల్లో నీళ్ళు నిలిచిపోయాయి. కౌలుకు చేసేవాళ్ళు పెట్టుబడి పోయి దిగులుపడితే, కూలికి వెళ్ళే మన సభ్యులకు మూడు వారాలు పనే దొరకలేదు. క్రిస్మస్ నెల కదా, పిల్లలకు బట్టలు కొనలేకపోయామన్న బాధ అందరి ముఖాల్లోనూ కనిపించింది.

మగ్గాల ఇళ్ళ పరిస్థితి ఇంకోలా ఉంది. గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది. అది ఉన్న ఇంట్లో నీళ్ళు గుమ్మంలోంచే రానక్కర్లేదు, గుంటలో అడుగు నుంచి కూడా ఊరుతాయి. మరునాడు మేం నలుగురం ఒక అక్క ఇంటికి వెళ్ళాం. ఆమె మోకాళ్ళ దాకా నీళ్ళలో, గుంటలో నిలబడి బకెట్టుతో తోడుతోంది. సగం నేసిన చీరను పడుగుతో సహా పైకెత్తి దూలానికి కట్టింది. అంచు నుంచి నీళ్ళు ఒక్కో చుక్కా కారుతున్నాయి. ఆ నూలు షావుకారుది. చీర పాడైతే మజూరీ రాకపోగా పైన అప్పు పడుతుంది. మేం గట్టు మీద నిలబడి ప్రార్థన చేశాం. అయ్యాక నేనే అన్నాను, "దేవుడు చూసుకుంటాడక్కా" అని. ఆమె తలెత్తకుండానే, "చూసుకుంటాడు, నాకు తెలుసు. ఆ రెండో బకెట్టు ఇట్టా అందించమ్మా" అంది.

ఆ మాటలో కోపం లేదు. పని మధ్యలో ఉన్న మనిషి అన్న మామూలు మాట అది. మేం నలుగురం చీరలు ఎగ్గట్టి దిగాం. చీకటి పడేదాకా తోడాం. మర్నాటికి మళ్ళీ జానెడు ఊరింది, మళ్ళీ వెళ్ళి తోడాం. ఆ వారమంతా వంతులు వేసుకుని ఐదు మగ్గాల ఇళ్ళకు వెళ్ళాం. శుక్రవారం ప్రార్థన తప్పిన రెండు వారాల్లో మొదటిది అదే. తప్పిందని పాస్టరుగారికి చెబితే, "తప్పలేదమ్మా, చోటు మారింది" అన్నారు. ఆమె మగ్గం జనవరి ఆఖరుకు గాని మళ్ళీ ఆడలేదు.

కొడుకుకు బదులు బలికి పొట్టేలు దొరికిన ఆ కొండ మీది చోటికి అబ్రాహాము 'యెహోవా యీరే' అని పేరు పెట్టాడు. మన బైబిల్లో దానికి 'చూచుకొనును' అన్న మాట ఉంది. తెలుగులో చూసుకోవడం అంటే కంటితో చూడటం ఒక్కటే కాదు కదా. ముసలితల్లిని చూసుకోవడం, పసిబిడ్డను చూసుకోవడం అంటాం. దానికి చేతులు కావాలి. దేవుడు అందుకోసం మనలాంటివాళ్ళ చేతులు కూడా వాడుకుంటాడని ఆ గుంటలో నిలబడ్డాక నాకు నమ్మకం కుదిరింది.

జనవరి 1న తెల్లవారుజామున 23 మందిమి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాం. 1854లో అదే రోజు అదే కొండ మీద అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, మన తెలుగువాళ్ళు నరసు, జూలియా, రూతు, మొత్తం ఐదుగురు మోకరించి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. ఈ జనవరికి 170 ఏళ్ళు. అప్పటికి వాళ్ళ చేతిలో చెప్పుకోదగ్గ ఫలితమే లేదు. అమెరికాలోని వాళ్ళ సంఘంవాళ్ళు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అంతకుముందే చర్చించుకున్నారు. వాళ్ళడిగినట్టు ఒంగోలుకు మనిషి రావడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. 1866లో క్లౌ దొర వచ్చారు.

పిల్లలకు కొండ మీద ఆ తర్వాతి కథ చెప్పాం. 1876 నుంచి 1878 దాకా ఈ ప్రాంతాన్ని పెద్ద కరువు పట్టింది. క్లౌ దొర ఆకలితో వచ్చినవాళ్ళకు వాక్యం చెప్పి పంపేయలేదు. మనం రోజూ దాటే బకింగ్‌హామ్ కాలువలోనే మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పార పని, కూలి ఇప్పించారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ ముందు నెలలే ఎక్కువ గుర్తుకొస్తాయి. ఆ కరువులో ప్రార్థన చేసినవాళ్ళందరూ బతకలేదు. బిడ్డల్ని పూడ్చుకుని మర్నాడు మళ్ళీ పార పట్టినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ నమ్మకం మీదే మన సంఘాలు నిలబడ్డాయి.

ఫిబ్రవరిలో మనలో ఒక చెల్లి తన కూతుర్ని పోగొట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. వి.బి.ఎస్.లో కంఠత వాక్యాలన్నీ తప్పు లేకుండా చెప్పిన పిల్ల. శుక్రవారం ప్రార్థన రెండోసారి తప్పింది ఆ వారమే. ఆ ఇంట్లో 'అంతా మన మేలుకే' అని ఎవరైనా అన్నారేమో తెలీదు, అని ఉంటే ఆ చెల్లిని క్షమించమని అడుగుతున్నాను. సమస్తం సమకూడి మేలు కోసం జరుగుతుందన్న రోమా పత్రిక మాటను నేను పూర్తిగా నమ్ముతాను. కానీ ఆ మాట ఏడుస్తున్నవాళ్ళ నోట రావాలి, పక్కన కూర్చున్నవాళ్ళ నోట కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. మనం కూడా వంతులవారీగా నెలరోజులు ఆ ఇంట్లో వంట చేశాం, బట్టలు ఉతికాం, చిన్నవాణ్ణి బడికి దించాం. ఆమె గుడికి వస్తోంది, పాట వచ్చినప్పుడు మౌనంగా ఉంటుంది. ఆమె బదులు మనం పాడదాం. పాడమని మాత్రం ఎవరూ బలవంతపెట్టకండి.

ఇప్పుడు లెక్కలు. పాత నిల్వ 8,300 రూపాయలు, నెలచందాలు 19,450, తుఫాను ప్రత్యేక కానుక 31,200, మొత్తం 58,950. ఖర్చు: తుఫాను సాయానికి 27,600, ఆసుపత్రి ప్రయాణాలకు 14,500, పిల్లల పుస్తకాలకు 9,000, మొత్తం 51,100. చేతిలో నిల్వ 7,850. చందా బాకీ ఉన్నవాళ్ళను ఈ ఏడాది అడగకూడదని కమిటీ తీర్మానించింది. కోశాధికారి అక్క పుస్తకం బల్ల మీద ఉంచింది, ఎవరైనా చూడవచ్చు.

వచ్చే ఏడాదికి కమిటీ ఒక్క కొత్త ప్రతిపాదనే తెచ్చింది. మగ్గాల గుంటల్లో నీళ్ళు తోడడానికి ఒక చిన్న మోటారు, యాభై అడుగుల పైపు కొనాలి. మోటారు గుడి వరండాలో ఉంటుంది, ఏ మతం వాళ్ళడిగినా ఇవ్వాలి. మళ్ళీ తుఫానుల కాలం వచ్చేలోపు, అంటే సెప్టెంబరు ఆఖరుకల్లా కొనాలని నా విన్నపం. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.

మీ సహోదరి,
కార్యదర్శి, స్త్రీల సమాజం