ఏడో తరగతి గదిలోకి మట్టి ఎందుకొచ్చిందంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఏడో తరగతి పిల్లలు యూనిఫారం నిండా మట్టి పూసుకుని ఇంటికొచ్చారు. ఇదేం చదువని ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగారు కూడా. అదంతా సాంఘిక శాస్త్రం పీరియడు పుణ్యమే. ఈ నెల పాఠం ప్రాచీన చైనా. రాజవంశాల పేర్లు బట్టీ పట్టించే బదులు, అక్కడి మామూలు జనం చేతుల్లో రోజూ ఉన్న రాయి, మట్టితో మొదలుపెడదామని మా టీచరు అన్నారు. నేను సరేనన్నాను.

చైనాలో జియాంగ్‌షీ ప్రాంతంలో షియాన్‌రెన్‌డాంగ్ అనే గుహ ఉంది. అక్కడ దొరికిన కుండ పెంకుల వయసు సుమారు 20,000 ఏళ్లని 2012లో పరిశోధకులు ప్రకటించారు. అప్పటికి సేద్యం లేదు, ఊళ్లూ లేవు. వేటాడి, ఏరుకుని తినేవాళ్లే కుండలు చేసుకున్నారు. ముందు వ్యవసాయం, ఆ తర్వాతే కుండలు అని మనం చదువుకున్న వరస అక్కడ తిరగబడింది. కొన్ని పెంకులకు మసి పట్టి ఉంది కాబట్టి అవి నిప్పు మీదికెక్కినవే. కుండలో ఉడికించుకోవడం వచ్చాక పచ్చిగా కొరుకుడు పడనివెన్నో తిండి కిందికి వచ్చి ఉంటాయి.

ఆ పెంకుల్లో నలగ్గొట్టిన రాతి పలుకులు కనిపిస్తాయి. ఎందుకో పిల్లలకు నోటితో చెప్పలేదు. సగం మందికి ఉత్త బంకమట్టి, మిగతా సగానికి ఇసుక కలిపిన మట్టి ఇచ్చి చిన్న గిన్నెలు చేయించాం. రెండో రోజుకల్లా ఉత్త మట్టి గిన్నెలు ఎక్కువ భాగం నెర్రెలిచ్చాయి, ఇసుకవి నిలిచాయి. 'గుహలోవాళ్లకు ఇది ఎవరు చెప్పారు మేడమ్?' అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. బోర్డు మీద రాసి ఉంచాం, ఇంకా తుడవలేదు.

రాతి సంగతి మీ ఇళ్లలో తేలిగ్గా అర్థమవుతుంది. హెనాన్‌లో పెయిలిగాంగ్ సంస్కృతి జనం సుమారు 8,000 ఏళ్ల కిందట వాడిన నూరుడు రాళ్లు అచ్చం మన సన్నికల్లు, పొత్రంలా ఉంటాయి. పలక మాత్రం చెప్పు అడుగు ఆకారంలో, కింద నాలుగు పొట్టి కాళ్లతో ఉంటుంది. అవి కొర్రలు, వరిగెలు విసరడానికేనని మొదట అనుకున్నారు. తర్వాత కొన్ని రాళ్ల మీద మిగిలిన పిండి కణాలను పరీక్షిస్తే ఓక్ చెట్ల కాయలు నూరినట్టు కూడా తేలింది. అంటే పంట వేయడం నేర్చినా అడవి కాయలను మానలేదు. పుస్తకంలో ఒక్క వాక్యంలో ముగిసే 'వ్యవసాయ విప్లవం' నిజానికి ఎంత నిదానంగా నడిచిందో ఆ రాయి చెబుతుంది.

హాంగ్‌జౌ పక్కన లియాంగ్‌జూ నగరం సుమారు 5,000 ఏళ్ల నాటిది. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడివాళ్లు బురదను గడ్డిలో చుట్టి మూటలు కట్టి, ఆ మూటలు పేర్చి నీటి కట్టలు కట్టారు. ఇప్పుడు వరదొస్తే ఇసుక బస్తాలు వేస్తున్నామే, అదే పని. అదే ఊళ్లో గట్టి జేడ్ రాయిని తడి ఇసుకతో రాపాడించి కోసి, వెంట్రుకంత సన్నని గీతలు చెక్కారు. ఆ జేడ్ పెద్దల సమాధుల్లో గుట్టలుగా దొరికింది, మామూలు జనం సమాధుల్లో ఎక్కువగా కుండలే. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది లిపి పుట్టకముందే అక్కడ రాళ్లలో కనిపిస్తోంది.

నాకు అన్నిటికంటే నచ్చింది కంచు కథ. 1939లో ఆన్‌యాంగ్‌లో దొరికిన హౌమువు అనే నాలుగు కాళ్ల కంచు పాత్ర బరువు సుమారు 833 కిలోలు. షాంగ్ రాజవంశం నాటిది. చూసినవాళ్లంతా లోహాన్నే మెచ్చుకుంటారు గానీ అసలు పనితనం మట్టిది. ముందు మట్టితో నమూనా చేసి, దాని మీద మెత్తని మట్టి అదిమి, ఆ పొరను ముక్కలుగా కోసి తీస్తారు. ఆ ముక్కలను కాల్చి, లోపలి దిమ్మ చుట్టూ మళ్లీ జోడించి, మధ్య సందులో కరిగిన కంచు పోస్తారు. లోహపు బొమ్మలు పోత పోసే మన ఆదిలాబాద్ ఓజాలు తమ డోక్రా బొమ్మల నమూనాకు మైనం వాడతారు, షాంగ్ పనివాళ్లు మట్టి ముక్కలతోనే నెట్టుకొచ్చారు. వేల ఏళ్లుగా కుండలు చేసి కాల్చిన అనుభవం వెనక లేకపోతే ఈ పోత సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం. రాజుల వైభవం అంటూ మనం చూపించే వస్తువులో కుమ్మరి వాటా ఎంతో పిల్లలు లెక్క వేయాలి.

ఇక మీతో పని. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు ఏడో తరగతి గదిలో చిన్న ప్రదర్శన పెడుతున్నాం. ఇంట్లో పాత సన్నికల్లు, మట్టి మూకుడు, ఉప్పు జాడీ ఏదైనా ఉంటే పంపండి, అడుగున పేరు చీటీ అతికించండి. రోలు మాత్రం ఆటోలో ఎక్కించి పంపకండి, ఫోటో చాలు. థర్మాకోల్ కోటలు, నెట్‌సెంటర్‌లో ప్రింటు తీయించిన చార్టులు తీసుకోం. ఆ వస్తువు ఎవరిది, దాంతో ఏం చేసేవారో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఐదారు వాక్యాలు పిల్లల చేతే రాయించండి. అక్షర దోషాలు మీరు దిద్దకండి, ఆ పని మేం చేసుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు