ప్రహరీ గోడ మీది జింకకు పూచీ ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఖైరతాబాద్‌లో మా వీధి చివరనున్న ఒక కార్యాలయపు ప్రహరీ గోడ మీద కిందటి వేసవిలో ఒక చిత్రకారుడు పరంజా కట్టుకుని పదకొండు రోజులపాటు బొమ్మలు వేశారు. నారింజ రంగు చుక్కలతో నీలి జింక, దాని కొమ్ముల మీద రెక్క విప్పిన పాలపిట్ట, వెనుక గులాబీ రంగు గుట్టలు. జింకకు నీలిరంగు ఏమిటని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు గానీ, ముప్పై ఏళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పినదాన్ని కనుక నాకు అది తప్పుగా తోచలేదు. చేర్యాల పటచిత్రాలు వేసే నకాషీ కళాకారులు ఆకాశానికీ నేలకూ వెనుక ఎర్రరంగు పరిచినప్పుడు మనం ఎవరమూ తప్పు పట్టలేదు కదా! బడికి వెళ్ళే పిల్లలు రోజూ అక్కడ ఆగి చుక్కలు లెక్కపెట్టేవారు.

వానాకాలం వెళ్ళేసరికి గోడ అడుగున రంగు పెచ్చులుగా లేచింది. ఆ తరువాత పాలపిట్ట మీద ట్యూషన్ సెంటర్ల పోస్టర్లు పడ్డాయి. చివరకు పైపు కోసం గోడ పక్కన తవ్వినవారు దెబ్బతిన్న భాగానికి సిమెంటు మెత్తి, జింక మోకాళ్ళ దాకా తెల్లసున్నం కొట్టి వెళ్ళారు. బొమ్మ వేయించిన కార్యాలయాన్ని అడిగితే, వేయించడం వరకే తమ పని అన్నారు.

2016లో రాజ్‌భవన్ సమీపాన ఎంఎస్ మక్తా ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వెలసినప్పటి నుంచి మన నగరంలో కుడ్యచిత్రాలకు ఆదరణ పెరిగింది. ఇది సంతోషించవలసిన విషయం. అయితే బొమ్మ ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది రంగుల కంటే ముందు గోడే తేలుస్తుంది. నేల నుంచి చెమ్మ ఎక్కే గోడ మీద పాత సున్నం గీకకుండా, లప్పం ఆరనివ్వకుండా, ప్రైమర్ లేకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా, చెమ్మతోపాటు పైకి వచ్చే లవణాలు దాన్ని లోపలి నుంచి నెట్టేస్తాయి. పడమటి ఎండ తగిలే గోడ మీద కొన్ని మెరుపు ఎరుపులూ పసుపులూ త్వరగా వెలిసిపోతాయి, కావి రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇవన్నీ చిత్రకారులకు తెలిసినవే. గోడను సిద్ధం చేయడానికి వారికి వ్యవధీ డబ్బూ ఇవ్వకపోవడమే లోపం.

ఈ జాగ్రత్త మన నగరానికి కొత్తది కాదు. అజంతా గుహలు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో గులాం యజ్దానీ నేతృత్వంలోని పురావస్తు శాఖ, ఆ గోడల మీది ఏనుగులూ హంసలూ రాలిపోకుండా కాపాడేందుకు 1920ల తొలినాళ్ళలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. అప్పుడు పూసిన లక్క పూత తరువాతి కాలంలో నల్లబడి ఇబ్బంది పెట్టిన మాట నిజమే. పైపూతను కూడా తెలిసినవారే నిర్ణయించాలని అంటున్నది అందుకే. అజంతా చిత్రాల నకళ్ళు నేటికీ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి, మా వీధికి అట్టే దూరం కూడా లేదు.

కాబట్టి నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. బొమ్మకు ఒప్పందం రాసుకునేటప్పుడే గోడ మరమ్మతుకూ, కనీసం ఐదేళ్ళ సంరక్షణకూ సొమ్ము కేటాయించి, అది ఏ అధికారి బాధ్యతో అందులోనే పేర్కొనాలి. చిత్రం మూలన చిత్రకారుడి పేరూ, వేసిన సంవత్సరమూ రాయించాలి. గోడ పక్కన తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు ఆ చిత్రకారుడికి కబురు పెట్టాలి. పోస్టర్ల విషయంలో కొత్త చట్టమేమీ అక్కరలేదు, బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధించిన 1997 నాటి చట్టాన్ని అమలు చేస్తే చాలు.

మా వీధి గోడ సంగతి మాత్రం ఆలస్యం చేయవద్దు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా వెతుక్కునే మనం, గోడ మీదున్న పిట్టను పోస్టర్ల కింద వదిలేశాం. ఈ దసరాలోగా ఆ పోస్టర్లు ఒలిపించి, అడుగున చెమ్మ ఆపించి, అదే చిత్రకారుణ్ణి తగిన పారితోషికంతో పిలిపించి, జింకకు కాళ్ళు తిరిగి వేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయురాలు,
ఖైరతాబాద్, హైదరాబాద్.